మూడు నెలల ఉప్పునీటి ట్యాంకులో నాచు: విప్పేయాలా, మందు పోయాలా?

మీరు రాసిన వివరాలు క్లుప్తంగా ఇవీ. హైదరాబాద్‌లో నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు. రాళ్లు, ఇసుక పోను 200 లీటర్ల నీరు. పెట్టి మూడు నెలలైంది. రాళ్లన్నీ డ్రై రాక్, అంటే జీవమేమీ లేని ఎండు రాళ్లు. రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్సెల్, ఒక గోబీ. మొదట ఇసుక మీద గోధుమరంగు పొడి వచ్చి దానంతట అదే తగ్గింది. ఇప్పుడు రాళ్ల మీద వేలెడు పొడవు ఆకుపచ్చ నాచు, ఇసుక మీద ఎర్రటి జిగురు తెర. కిట్లలో నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. లైటు రోజుకు 12 గంటలు. వారానికి సగం నీరు మారుస్తున్నారు, ఆ నీరు ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్‌ది. దుకాణదారు నాచు మందు పోయమన్నారు, తగ్గకపోతే మొత్తం విప్పి కడిగి మళ్లీ మొదలుపెట్టమన్నారు.

విప్పవద్దు. మందూ వద్దు. మీ ట్యాంకుకు జబ్బేమీ లేదు, వయసు లేదంతే. విప్పి రాళ్లు కడిగితే ఈ మూడు నెలలూ మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకోవాలి, ఇదే నాచు ఇదే వరుసలో మళ్లీ వస్తుంది. మందుల్లో ఏముంటుందో కింద చెబుతాను.

నాచు గురించి ఎవరిని అడిగినా ముందు నైట్రేట్ ఎంత, ఫాస్ఫేట్ ఎంత అంటారు. నేను ముందు రాయి సంగతి అడుగుతాను. సముద్రంలో వెలుతురు పడే చోట ఖాళీ రాయి దొరకడం కష్టం. స్పాంజీలు, గులాబీరంగు కోరలైన్ నాచు, బ్యాక్టీరియా పొరలు, పేరు తెలియని పురుగూ పుట్రా ప్రతి అంగుళాన్నీ ఆక్రమించుకుని ఉంటాయి. వాటి మధ్య ఎక్కడైనా కొత్త నాచు మొలకెత్తినా నత్తో చేపో వచ్చి గీకి తినేస్తుంది. మీ డ్రై రాక్ మీద వీటిలో ఏదీ లేదు. దున్ని వదిలేసిన పొలంలో ముందు మొలిచేది కలుపే కదా, ఇక్కడా అంతే. వేగంగా పెరిగేవి ముందు వస్తాయి: డయాటమ్‌లు (మీరు చూసిన గోధుమరంగు పొడి), తర్వాత పచ్చ పొర, వెంట్రుకల నాచు, ఎర్ర జిగురు. నిదానంగా పెరిగే కోరలైన్ చివరికి వస్తుంది, వచ్చాక మాత్రం చోటు సులువుగా వదలదు.

విదేశీ వీడియోల్లో సముద్రం నుంచి జీవులతో సహా తీసిన లైవ్ రాక్ పెట్టుకుని కొద్ది వారాల్లోనే ట్యాంకు కుదురుకున్నట్టు చూపిస్తారు. మనకు ఆ దారి లేదు, ఉండకూడదు కూడా. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, చచ్చిన పగడం ముక్క అయినా సరే. మన తీరంలో తీసిన లైవ్ రాక్ అంటూ ఎవరైనా అమ్మజూపితే అది చాలావరకు పగడపు దిబ్బ నుంచి విరిచిన ముక్కే. కాబట్టి డ్రై రాక్‌తోనే సాగాలి, దానికి ఓపిక కావాలి. నా అనుభవంలో డ్రై రాక్ ట్యాంకు ఒక దారికి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మధ్యలో ఎంత ఖర్చు పెట్టినా ఈ కాలం పెద్దగా తగ్గదు. తగ్గించగలిగేది ఒక్కటుంది: కనీసం రెండేళ్లు నడిచిన ట్యాంకు ఉన్నవారి దగ్గర గుప్పెడు ఇసుక, ట్యాంకు గ్లాసు మీద నుంచి గీకిన కోరలైన్ పొడి అడిగి తెచ్చుకోండి. సూక్ష్మ పురుగులు, కోపిపాడ్‌లనే చిన్న రొయ్యజాతి జీవులు, మంచి బ్యాక్టీరియా వాటితోపాటు వస్తాయి. చేపలకు ఇక్ (తెల్ల చుక్కల జబ్బు) వంటి జబ్బులు లేని ట్యాంకు అయితేనే తీసుకోండి.

ఇక మిమ్మల్ని ఎక్కువగా తికమక పెట్టిన విషయం. కిట్ సున్నా అంటుంటే నాచు దేన్ని తిని పెరుగుతోంది? కిట్ కొలిచేది నీటిలో మిగిలినదాన్ని మాత్రమే. చేపలు విసర్జించిన నైట్రోజన్, మేతలోని ఫాస్ఫేట్ నీటిలో కలవగానే నాచు తాగేస్తోంది. మీ ఫాస్ఫేట్ అంతా ఆ వేలెడు పచ్చదనంలోనే ఉంది. ఆ నాచును పట్టి బయటికి లాగితే ట్యాంకులోంచి పోషకాలను చేతితో తీసినట్టే, కాబట్టి చేతిపనిని తక్కువ చేసి చూడకండి.

ఫాస్ఫేట్ ఎక్కడి నుంచి వస్తోందో చిన్న లెక్క. పొడి మేతలో సుమారు ఒక శాతం ఫాస్ఫరస్ ఉంటుంది. ఒక గ్రాము మేత వేస్తే 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, అంటే సుమారు 30 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. అంతా నీటిలోనే మిగిలితే మీ 200 లీటర్లలో 0.15 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) పెరుగుతుంది. ఒక్క గ్రాముకే అంత. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి లాగే పరికరం) తీస్తుంది, కానీ మీ నాలుగు చిన్న చేపలకు రోజుకు అర గ్రాము కూడా ఎక్కువే. రెండు నిమిషాల్లో తినేసేంత వేయండి, కింద పడిందంటే ఎక్కువైనట్టు. ఫ్రోజెన్ మేతను జల్లెడలో కడగమని చాలామంది చెబుతారు. కడిగితే నష్టం లేదు గాని, అందులో పోయేది స్వల్పం. ఎంత వేస్తున్నారన్నదే అసలు లెక్క.

పైగా డ్రై రాక్, అరగనైట్ అనే సున్నపు ఇసుక ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటాయి, నీటిలో తగ్గగానే నిదానంగా వదులుతాయి. అందుకే నీరు మార్చి ఫాస్ఫేట్‌ను తరిమేయాలనుకుంటే రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. వారానికి సగం నీరు మార్చడం ఇక ఆపండి. పది శాతం చాలు. కొత్త ట్యాంకులో ఇంత నీరు మారుస్తూ పోతే ఉప్పదనం, ఉష్ణోగ్రత ప్రతి వారం ఊగుతాయి, కుదురుకోవాల్సిన బ్యాక్టీరియాకు కుదురే ఉండదు. దానికి తోడు, మీరు మారుస్తున్న నీరే నాచుకు మేతగా మారుతోందని నా అనుమానం.

ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్ మన నాలుక కోసం చేసింది. నీరు మరీ చప్పగా ఉండకూడదని చాలా మిషన్లలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. అది కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది. మీటరు పెట్టి చూస్తే 40, 60, ఒక్కోసారి 100 కూడా వస్తుంది. అందులో నైట్రేట్ ఉండవచ్చు, ఫాస్ఫేట్ ఉండవచ్చు, హైదరాబాద్‌లో అయితే సిలికా దాదాపు ఖాయం. ఈ ఊరి కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరు నీటిలో కరిగిన సిలికా బాగానే ఉంటుంది. డయాటమ్‌లు గూడు కట్టుకునేది సిలికాతోనే. మీకు మొదట వచ్చిన గోధుమరంగు పొడి వెనక ఈ నీటి వాటా ఉండి ఉంటుంది. ట్యాంకర్ నీరు కూడా చాలాసార్లు బోరుదే.

దీనికి విరుగుడు డీఐ రెజిన్, అంటే ఆర్‌ఓ తర్వాత కూడా మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు. ఆర్‌ఓ పొర నుంచి నేరుగా, కంట్రోలర్‌ను దాటించి, నీటిని రెజిన్ గొట్టం గుండా పంపితే మీటరు సున్నా చూపాలి. 1, 2 చూపడం మొదలైతే రెజిన్ మార్చే సమయం వచ్చినట్టే. రెజిన్ అలసిపోతున్నప్పుడు అన్నిటికన్నా ముందు జారిపోయేది సిలికా, దాన్ని టీడీఎస్ మీటరు సరిగా పట్టలేదు కూడా. అందుకని 10 దాకా ఆగకండి.

నీరు మార్చడం కన్నా మోసం చేసేది టాప్ అప్, అంటే ఆవిరైన నీటికి బదులు పోసే నీరు. ఎండాకాలంలో ట్యాంకు మీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైపోవడం మామూలు. నెలకు 120 లీటర్లు. ఆవిరి అయ్యేది స్వచ్ఛమైన నీరు, మీరు పోసే నీటిలో ఉన్నదంతా ట్యాంకులోనే మిగిలిపోతుంది. పోసే నీటిలో నైట్రేట్ 5 పీపీఎం ఉంటే నెల తిరిగేసరికి మీ ట్యాంకులో 3 పీపీఎం చేరినట్టు. మార్చే నీటి గురించి అంత జాగ్రత్తపడి, టాప్ అప్‌కు మాత్రం వంటగది కుళాయి కింద మగ్గు పెట్టేవారు చాలామంది ఉన్నారు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి సాల్ట్ మిక్స్ తప్పదు. విశాఖలోనో కాకినాడలోనో ఉండి సముద్రపు నీరే తెచ్చుకునేవారు దీన్ని చదువుతుంటే ఒక మాట: వానలు, వరదల తర్వాత తీరం దగ్గర బంగాళాఖాతం ఉప్పదనం బాగా పడిపోతుంది, నదుల నుంచి ఎరువుల కడుగు నీరూ కలుస్తుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ (కిలోకు గ్రాములు) దగ్గర లేకపోతే, నైట్రేట్, ఫాస్ఫేట్ చూడకపోతే, ఆ నీరు పోయకండి.

లైటు 12 గంటలు ఎవరి కోసం? మీ ట్యాంకులో పగడాలు లేవు, చేపలకు అంత అక్కరలేదు. ఏడు గంటలకు తగ్గించండి, లైటులో తెల్ల రంగు చానల్‌ను సగానికి దించండి. కిటికీ ఎండ పడుతుంటే కర్టెన్ వేయండి. దీంతో ఉన్న నాచు చావదు, పెరుగుదల మందగిస్తుంది. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది.

ఇప్పుడు చేతిపని. ఆకుపచ్చ వెంట్రుకల నాచు మీద నత్తలను వదిలేస్తే తింటాయని అందరూ అనుకుంటారు. వేలెడు పొడవు పెరిగినదాన్ని చాలా నత్తలు ముట్టవు. అవి తినేది కొత్తగా మొలిచే చిగుళ్లను. కాబట్టి ముందు మీరు గొరగాలి, తర్వాత అవి అది మళ్లీ పెరగకుండా కాస్తాయి. తీయగలిగిన రాళ్లను ఒక్కొక్కటిగా ట్యాంకు నీరు నింపిన బకెట్‌లోకి తీయండి. వేళ్లతో పీకండి, గట్టి టూత్ బ్రష్‌తో రుద్దండి, అదే బకెట్‌లో జాడించి తిరిగి పెట్టండి. ఆ నీటిని పారబోయండి, వారం నీటి మార్పిడి అలాగే అయిపోతుంది. తీయలేని రాళ్ల దగ్గర సన్నటి పైపుకు బ్రష్ కట్టి, రుద్దుతూ పీల్చండి. ట్యాంకులోనే రుద్ది వదిలేయడం మాత్రం వద్దు. తెగిన ప్రతి ముక్కా వేరే చోట నాటుకుంటుంది. ఆ రోజు ఫిల్టర్ సాక్ (నీటిని వడకట్టే బట్ట సంచి) తప్పనిసరిగా పెట్టి, సాయంత్రానికే తీసి ఉతకండి. ఒకేసారి అన్ని రాళ్లూ చేయకండి, వారానికి మూడో వంతు చాలు.

రుద్దినా పట్టు వదలని మొండి నాచుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికొస్తుంది, రాయి బయట ఉన్నప్పుడు మాత్రమే. విదేశీ సలహాల్లో 3 శాతం అని రాస్తారు. మన మందుల షాపుల్లో సాధారణంగా దొరికేది 6 శాతం, అందుకని సమానంగా స్వచ్ఛమైన నీరు కలపండి. నాచు ఉన్న చోట చుక్కలుగా వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, ఉప్పునీటిలో కడిగి తిరిగి పెట్టండి. రెండు మూడు రోజుల్లో తెల్లబడుతుంది. క్లీనర్ రొయ్య ఉన్న ట్యాంకులో నేరుగా పోయకండి. రాళ్లను మరిగే నీటిలో ఉడకబెట్టమని ఎవరైనా చెబితే అసలు వినకండి. జోయాంథిడ్ (పగడాలకు దగ్గరి బంధువులు) వంటి జీవులు అంటుకున్న రాయిని ఉడికిస్తే పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితోపాటు గాలిలోకి లేచి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. మీ రాళ్ల మీద ఇప్పుడు అవి లేవు, కానీ అలవాటు ఒకసారి పడితే పోదు.

గొరిగాక కాపలాదారులు. మీ పరిమాణానికి ట్రోకస్ లేదా టర్బో రకపు నత్తలు ఎనిమిది, పది చాలు. సెరిత్ నత్తలు ఓ ఆరు ఉంటే ఇసుక కూడా కదులుతుంది. నసారియస్ నత్తలను నాచు తింటాయని అమ్ముతారు, అవి మిగిలిపోయిన మాంసాహారం తినేవి. లాన్‌మోవర్ బ్లెన్నీ ఒకటి ఉంటే రోజంతా రాయి గీకుతూ చూడముచ్చటగా ఉంటుంది. నాచు అయిపోయాక అది పస్తులుండకుండా నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్కలు పెట్టాలి. నాలుగడుగుల ట్యాంకులో టాంగ్ చేప వద్దు, నాచు తింటుందన్న మాట నిజమే గాని ఈదడానికి చోటు చాలదు. ఇసుక శుభ్రం చేస్తుందని సముద్ర దోసకాయను చూపిస్తే కొనకండి, అవన్నీ 2001 నుంచి అదే చట్టం కింద రక్షిత జీవులు. నత్తలైనా ఎక్కడి నుంచి తెచ్చారో అడిగి కొనండి, రక్షిత జాబితాలో కొన్ని నత్తలూ ఉన్నాయి.

ఎర్ర జిగురు సంగతి వేరు. అది నాచు కాదు, సయానోబ్యాక్టీరియా. వేలితో లేపితే తెరలాగా మొత్తం లేస్తుంది, మధ్యాహ్నానికి బుడగలు కడుతుంది, రాత్రికి పలచబడుతుంది. వీటిలో కొన్ని జాతులు నీటిలో కరిగిన నైట్రోజన్ వాయువునే వాడుకోగలవు, అందుకే నైట్రేట్ సున్నా అయిన ట్యాంకుల్లో ఇవి హాయిగా ఉంటాయి. ఎయిర్ పంపు పైపు ఒకటి తీసుకుని దాన్ని చాప చుట్టినట్టు పీల్చేయండి, రెండు మూడు రోజులకొకసారి. పవర్‌హెడ్‌ను (ట్యాంకులో నీటిని తోసే పంపును) తిప్పి, ఇసుక మీద నీరు కదిలేలా పెట్టండి. నీరు నిలిచిన మూలల్లోనే ఇది ఎక్కువ. ఇక మందు: ఎర్ర జిగురుకు అమ్మేవాటిలో కొన్ని ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు. జిగురు రెండు రోజుల్లో పోయి మీరు సంతోషిస్తారు, కుళ్లిన జిగురు ఆక్సిజన్ లాగేస్తుంది, స్కిమ్మర్ నురగ కక్కుతుంది, కారణం అలాగే ఉంటుంది కాబట్టి నెలలో మళ్లీ వస్తుంది. మంచినీటి ట్యాంకుల నాచు మందులు అంతకన్నా ప్రమాదం. కొన్నిటిలో రాగి ఉంటుంది. రాగి నత్తలను, రొయ్యలను చంపడమే కాదు, రాళ్లలో, ఇసుకలో ఇంకిపోయి తర్వాత చాలా కాలం మిమ్మల్ని వదలదు.

ఇంతకన్నా నన్ను కలవరపెడుతున్నది మీ రెండు సున్నాలు. అవి కొనసాగితే రాబోయేది డైనోఫ్లాజెల్లేట్‌లనే (డైనోలు) ఏకకణ జీవులు కావచ్చు. కొత్త డ్రై రాక్ ట్యాంకులో, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ అడుగంటినప్పుడు ఇవి పుంజుకుంటాయి. నాచును ఆకలితో చంపాలని ఫాస్ఫేట్ రిమూవర్‌లు పోసినవారు చాలాసార్లు చేరుకునేది ఇక్కడికే. గోధుమరంగు చీమిడి దారాల్లా, కొసన బుడగతో వేలాడుతుంటాయి. వాటిని తిన్న నత్తలు నీరసించి పడిపోతాయి. డయాటమ్‌లా డైనోలా అన్న అనుమానం వస్తే, కొంచెం జిగురును ట్యాంకు నీటితో సీసాలో పోసి గట్టిగా కుదపండి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టి ఆ నీటిని లైటు కింద ఓ గంట ఉంచండి. మళ్లీ దారాలుగా అల్లుకుంటే డైనోలే. చవక మైక్రోస్కోపు ఉంటే ఇంకా మంచిది. కన్నీటి చుక్క ఆకారంతో ఒకే చోట గుండ్రంగా తిరిగేది ఆస్ట్రియాప్సిస్. అది రాత్రి నీటిలోకి లేస్తుంది కాబట్టి యూవీ దీపానికి చిక్కుతుంది. ఇసుకలోనే మసలే యాంఫిడీనియం యూవీకి దొరకదు. దానికి సిలికేట్ కలిపి డయాటమ్‌లను కావాలని పెంచి పోటీకి దించుతారు. కొన్ని వారాల క్రితం తరిమిన దాన్నే పిలిచి పెంచుకోవడం వింతగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. ఏ రకమైనా నైట్రేట్‌ను 5 నుంచి 10 పీపీఎంకు, ఫాస్ఫేట్‌ను 0.1 దగ్గరకు తేవాలి, నీరు మార్చడం ఆపాలి.

మీకు ఇప్పుడు డైనోలు లేవు. అందుకే లక్ష్యం సున్నా కాదు: నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1. పచ్చదనాన్ని పీకేకొద్దీ, తాగేవాళ్లు తగ్గి కిట్‌లో అంకెలు కనిపించడం మొదలవుతుంది. అప్పుడు కంగారుపడకండి, అది మంచి సూచన. ఫాస్ఫేట్ 0.15 దాటి పెరుగుతూ పోతే మాత్రం కొద్దిగా జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పట్టేసే ఇనుప ఆక్సైడ్ గుళికలు) వాడవచ్చు, డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టి.

సంప్‌లో (ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టిలో) చోటుంటే కీటోమార్ఫా అనే నాచు వేసి, రాత్రిపూట వెలిగేలా ఒక లైటు పెట్టండి. ట్యాంకులో నాచుకు పోయే పోషకాలు అక్కడికి మళ్లుతాయి, వారానికోసారి పిడికెడు తెంచి పారేయడమే. కీటో దొరకలేదని కాలెర్పా అనే మరో నాచు ఇస్తామంటే ఆలోచించండి. అది ఒక్కోసారి ఉన్నట్టుండి రాత్రికి రాత్రే బీజాలు విడిచి కరిగిపోతుంది, దాచుకున్నదంతా తిరిగి నీటిలో కలుపుతుంది. స్కిమ్మర్ కప్పులో ముదురు గోధుమరంగు నీరు వస్తుంటే సర్దుబాటు సరిగానే ఉంది, ముట్టుకోకండి.

మీరు పంపిన ఫొటో నీలిరంగు లైటులో తీశారు కాబట్టి పచ్చనిది ఏ రకమో గట్టిగా చెప్పలేను. తెల్ల లైటులో దగ్గరగా చూడండి. కొమ్మ ఈకలాగా రెండు వైపులా విచ్చుకుని ఉంటే అది బ్రయాప్సిస్ అనే మొండి నాచు. దానికి పైన చెప్పినవి చాలవు, నత్తలు కూడా వదిలేస్తాయి. అప్పుడు మాత్రం ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు వాడతారు, లీటరుకు 5 మిల్లీగ్రాములు, ఫిల్టర్‌లోని కార్బన్ తీసేసి రెండు మూడు వారాలు. చచ్చే నాచును అప్పటికప్పుడు పీల్చేయాలి. పచ్చ గోలీల్లాంటి వాలోనియా కనిపిస్తే పగలకొట్టకుండా, రాయితో పాటు బయటికి తీసి ఊడబెరకండి.

మొదటి నెలలో గెలిచినట్టేమీ అనిపించదు. గ్లాసు తుడవడానికీ మళ్లీ తుడవడానికీ మధ్య ఒక రోజు పెరిగిందా చూడండి. పీకిన చోట మళ్లీ మొలిచేది పొట్టిగా, పాలిపోయి ఉందా చూడండి. తెల్లవారి గ్లాసు మీద నత్తలు గీకిన చారలు కనిపించాలి. పవర్‌హెడ్ మీద, పైపుల మీద గులాబీ చుక్కలు పడితే కోరలైన్ వచ్చినట్టు. దానికి కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8, 9 డీకేహెచ్ దగ్గర స్థిరంగా ఉంటే చాలు. అప్పటిదాకా కొత్త చేపను తేవద్దు.

యూవీ దీపం కొనాలా అని చివర్లో అడిగారు. ఇప్పుడు వద్దు, రాళ్లకు అంటుకున్న నాచుకు, ఇసుక మీది జిగురుకు అది ఏమీ చేయదు. అదే డబ్బుతో డీఐ గొట్టం, రెజిన్, ఒక టీడీఎస్ మీటరు, 0.02 వరకు చూపే ఫాస్ఫేట్ చెకర్ కొనండి. మిగిలితే నత్తలు.